అంత తుప్పు ఎక్కడిది తమ్ముడూ?
స్కేల్ మోడల్స్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. నాలుగు నెలలు కూర్చుని 1/35 స్కేల్లో (అసలు బండిలో 35వ వంతు) స్టూరర్ ఎమిల్ అనే రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ట్యాంకు వేట బండి మోడల్ కట్టాను. పసుపు మీద ఆకుపచ్చ, గోధుమ మచ్చలు వేశాను. బాగా తిరిగిన బండిలా ఉండాలని ఒళ్లంతా తుప్పు పట్టించాను. మా బాబాయి చూసి "అంతర్వేదిలో వదిలేసిన బోటులా ఉందిరా" అన్నాడు. ఫొటోలు పంపుతున్నాను, మెచ్చుకున్నాడో తిట్టాడో మీరే చెప్పండి.
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: తిట్టాడు తమ్ముడూ, సరిగ్గానే తిట్టాడు. కట్టడం మాత్రం బ్రహ్మాండంగా కట్టావు, అతుకులు ఎంత వెతికినా కనబడలేదు. తేడా రంగు దగ్గరే మొదలైంది. 128 మిల్లీమీటర్ల గన్ను మోసే ఈ మొండి ఎమిల్ (ఆ జర్మన్ పేరుకి అర్థం అదే) లోకంలో మొత్తం రెండే తయారయ్యాయి. ఒకటి యుద్ధంలోనే పోయింది. రెండోది 1943 జనవరిలో స్టాలిన్‌గ్రాడ్ దగ్గర సోవియట్ సైన్యానికి దొరికింది, పడగొట్టిన ట్యాంకుల లెక్కగా గొట్టం మీద వేసుకున్న 22 వేట గుర్తులతో సహా. అది మాస్కో దగ్గర కుబింకా ట్యాంకుల మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. ట్యాంకులకి ముదురు బూడిదరంగు మానేసి ముదురు పసుపు వెయ్యమని జర్మన్లకి ఆర్డరు వచ్చింది 1943 ఫిబ్రవరిలో. అంటే పసుపు డబ్బా మూత తీసేసరికే ఈ బండి అవతలివాళ్ల చేతిలో ఉంది. కాబట్టి బూడిదరంగు వెయ్యి, మూడు రంగులూ వేరే బండికి దాచుకో.

ఇలాంటి అరుదైన బండ్లతో సుఖం అదే, కష్టమూ అదే. వేలల్లో తయారైన ట్యాంకయితే "ఏదో ఒకటి ఇలా ఉండే ఉంటుందిలే" అని తప్పించుకోవచ్చు. రెండే ఉన్నప్పుడు దాని జాతకం మొత్తం మన ముందు ఉంటుంది, ఎప్పుడు పుట్టింది, ఎక్కడ తిరిగింది, ఎన్నాళ్లు బతికిందీ అన్నీ. మరకలు ఆ జాతకం చూసి వెయ్యాలి.

ఇక తుప్పు. ఈ బండి యుద్ధంలో తిరిగింది ఏడాది లోపే. అంతలో మందపాటి ఉక్కు పలక పొరలు పొరలుగా ఊడిపోదు. మనం ఉప్పుగాలిలో పుట్టి పెరిగినవాళ్లం, గేట్లు, కిటికీ ఊచలు, రొయ్యల చెరువుల్లో ఏరేటర్ల ఫ్రేములు రెండేళ్లకే తినేయడం చూసి చూసి ఇనుమంటే తుప్పే అనుకుంటాం. ఆ కళ్లు పక్కనపెట్టి, మీ ఊళ్లో ఎక్కడైనా చెరువు తవ్వుతుంటే వెళ్లి పొక్లెయిన్ పక్కన అరగంట నిలబడు. బకెట్ పళ్లు రోజూ మట్టిలో దిగుతాయి కాబట్టి వెండిలా మెరుస్తుంటాయి. చైన్ పలకలు నేలకి ఆనే చోట మెరుపు, లోపలి సందుల్లో గోధుమ నలుపు. డ్రైవర్ కాలుపెట్టి ఎక్కే మెట్టు దగ్గర మాత్రమే రంగు అరిగి ఉంటుంది, బాడీ మధ్యలో ఎవరూ కాలు పెట్టరు, అక్కడ రంగు ఎందుకు పోతుంది? పొగగొట్టం ఒక్కటే నిజంగా ఎర్రగా తుప్పు పట్టి ఉంటుంది, వేడికి రంగు కాలిపోతుంది కాబట్టి. నీ ఎమిల్ మీద కూడా తుప్పు అక్కడే ఉంచు. రంగు గీసుకుపోయిన గుర్తులు చూపాలంటే స్పాంజి ముక్కతో రంగు సన్నగా అద్దు చాలు. 1/35లో రంగు ఊడిన రెండు మిల్లీమీటర్ల పెచ్చు అంటే అసలు బండి మీద ఏడు సెంటీమీటర్లు, అంటే అరచేయంత. నీ బండి మీద అలాంటివి నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను.

ప్రశ్న: రిటైరయ్యాక ఈ పిచ్చి పట్టుకుంది. కుర్స్క్ యుద్ధం సీనులో పెట్టడానికి ఫెర్డినాండ్ అనే జర్మన్ ట్యాంకు వేట బండి కడుతున్నాను. జిమ్మెరిట్ గీతలు వాల్ పుట్టీతో వేస్తే ఎండాక రాలిపోతోంది, ఏం చెయ్యను?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ

జవాబు: రాలనివ్వండి మాస్టారూ, మంచిదే! జిమ్మెరిట్ అంటే అయస్కాంతం మందుపాతరలు అంటుకోకుండా జర్మన్లు పూసిన గీతల పూత. రష్యాలో కుర్స్క్ యుద్ధం మొదలైంది 1943 జూలైలో, అప్పటికి ఫెర్డినాండ్లకి ఆ పూత లేదు. మొత్తం 91 తయారయ్యాయి, యుద్ధంలో మిగిలిన వాటిని వెనక్కి తీసుకెళ్లి బాగుచేసినప్పుడు ముందువైపు మెషిన్‌గన్, పైన కమాండర్‌కి చూపు కోసం గుమ్మటం, ఈ పూత అన్నీ పెట్టారు. ఫెర్డినాండ్‌కి ఎలెఫాంట్ అనే రెండో పేరు కూడా 1944లో వచ్చిందే. కాబట్టి సీను కుర్స్క్ అయితే నున్నగా వదిలెయ్యండి, మెషిన్‌గన్ రంధ్రం మూసెయ్యండి. పూత వెయ్యకపోతే మనసు ఒప్పుకోదంటే సీనుని 1944 ఇటలీకి మార్చుకోవడమే. అప్పుడు వాల్ పుట్టీ వద్దు, అది ప్లాస్టిక్‌ని పట్టుకోదు. కొళాయి లీకులకి వాడే ఎం-సీల్ తెచ్చి బాగా పిసికి, తడిచేత్తో కాగితమంత పల్చగా పరిచి, గట్టిపడేలోపే చిన్న స్క్రూడ్రైవర్ మొనతో గీతలు నొక్కండి. ఒకేసారి మొత్తం కలపకండి, ఒక పలకకి సరిపడా కలుపుకోండి, నేను ఒకసారి ఆశపడి పెద్ద ముద్ద కలిపి సగం రాయి చేసి పారేశాను.

ప్రశ్న: మోడల్ మీద బురద చూపడానికి బజారులో పిగ్మెంట్ (రంగు పొడి) కొనాలా, మన చేలో మట్టి పనికిరాదా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: భేషుగ్గా పనికొస్తుంది, రొయ్యల చెరువు మట్టి మాత్రం ముట్టుకోకండి. అందులో ఉప్పు ఉంటుంది, నెల తిరిగేసరికి ట్యాంకు మీద తెల్లగా పొంగుతుంది. వరిచేను మట్టి తెచ్చి, పెనం మీద బాగా వేయించి (లేకపోతే వానాకాలం బూజు పడుతుంది, ఇంట్లో వాళ్ల పాత పెనం అడిగి తీసుకోండి), పాత వాయిల్ చీర ముక్కలో రెండుసార్లు జల్లించండి. ఒక మిల్లీమీటర్ రవ్వ మిగిలినా 1/35లో అది మూడున్నర సెంటీమీటర్ల రాయి. రంగు కూడా చూసుకోవాలి. కుర్స్క్ చుట్టూ నల్లమట్టి నేలలు, మన నల్లమట్టి దానికి అతికినట్టు సరిపోతుంది. స్టాలిన్‌గ్రాడ్ వైపు మైదానాల్లో మట్టి లేత గోధుమ, దానికి గోదావరి లంకల్లో ఒండ్రు తెచ్చుకుంటే దగ్గరగా ఉంటుంది. పైన రాజోలు తమ్ముడు కూడా ఇది చదవాలి. మ్యాట్ వార్నిష్‌లో కలిపి పూయండి, ఉత్త ఫెవికాల్ అయితే మెరుస్తుంది. తడి బురద ముదురు, ఎండింది లేత, రెండూ ఒకే బండి మీద ఉంటేనే నిన్నా ఇవాళా తిరిగినట్టు కనిపిస్తుంది.

ప్రశ్న: ముసురు రోజుల్లో స్ప్రే ప్రైమర్ (రంగుకి ముందు వేసే మొదటి పూత) కొడితే తెల్లగా పాలపొరలా వస్తోంది. డబ్బా నకిలీదా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: డబ్బాది కాదు, గాలిది. రంగుని పలచన చేసే థిన్నర్ గబగబా ఆవిరయ్యేటప్పుడు ఆ ఉపరితలం చల్లబడుతుంది, గాలిలో తేమ దాని మీద మంచులా దిగి రంగులో ఇరుక్కుంటుంది. అల్పపీడనం ఉన్న రోజు కొట్టకండి, ఎండ వచ్చిన రోజు పదింటి తర్వాత కొట్టండి. ఇప్పటికే తెల్లబడిన దాని మీద పొడి రోజున రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసే మందు) కలిపిన థిన్నర్ మంచుపొగలా పల్చగా చల్లితే చాలాసార్లు తేరుకుంటుంది. ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చల్లే పెన్ను) వాడేవాళ్లు కంప్రెసర్‌కి నీళ్లు పట్టే ట్రాప్ తప్పకుండా పెట్టుకోండి, శ్రావణంలో దాని గిన్నెలో ఎంత నీరు చేరుతుందో చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. గది తలుపులేసుకుని ఈ రంగులు కొడతాడు, ఇల్లంతా ఘాటు వాసన. టెన్షన్‌గా ఉంది. పైగా అత్తయ్యగారు హిట్లర్ బండ్లు ఇంట్లో ఎందుకంటున్నారు.
– ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, వాసన గురించి మీ టెన్షన్ న్యాయమైనదే. తలుపులు వేసుకుని ఘాటైన థిన్నర్ పీల్చడం అసలు మంచిది కాదు, గుడ్డ మాస్కు దానికి అడ్డం పడదు. పరీక్షలయ్యేదాకా నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగులకి మారమనండి, అవి కూడా కిటికీలు తీసి, ఫ్యాన్ గాలి బయటికి పోయేలా పెట్టుకునే కొట్టాలి. అత్తయ్యగారికి మాత్రం జవాబు వాడినే చెప్పమనండి. ఆ బండి ఎవరి మీదికి వెళ్లింది, చివరికి ఏమైంది అని ఆవిడ అడిగితే చెప్పగలిగేటంత చదివాకే వాడికి తర్వాతి కిట్ కొనివ్వండి.