రాళ్ళెక్కడానికి లోన్ తీసుకుంటావు సరే, పడితే ఎవరిస్తారు?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తమ్ముడు రాశాడు. వయసు 27, విజయవాడలో ప్రైవేట్ జాబ్, రోజూ ట్రైన్‌లో అప్ అండ్ డౌన్, చేతికి 46 వేలు వస్తుంది. ఆదివారాలు ఫ్రెండ్స్‌తో కొండవీడు పోయి రాళ్ళెక్కుతుంటాడు. ఈ జూన్‌లో హిమాచల్ వెళ్ళి, ఛత్రులో చంద్రా నది పక్కన ఐదు రోజులు బౌల్డరింగ్ (తాడు లేకుండా పెద్ద బండలెక్కడం) చేసి, కుంజుమ్ పాస్ దాటి స్పితిలో కాజా వెళ్ళి ఇంకో నాలుగు రోజులుండి రావాలట. ఖర్చు లక్షన్నర. లోన్ యాప్‌లో అప్రూవ్ కూడా అయిపోయింది, నెలకి 8 వేలు చొప్పున 24 నెలలు. "14 శాతమే సార్, తీసేసుకోమంటారా, లేదంటే అమ్మ గాజులు బ్యాంకులో పెట్టమంటారా, చీటీ పాడుకోమంటారా" అని అడిగాడు.

మూడూ వద్దు తమ్ముడూ.

నీ మెయిల్‌కే ఎందుకు జవాబు రాస్తున్నానంటే, గోవా వెళ్ళేవాళ్ళూ కేదార్‌నాథ్ వెళ్ళేవాళ్ళూ అందరూ చేసే తప్పే నువ్వూ చేశావు, కాకపోతే నీ కేసులో అది కొట్టొచ్చినట్టు కనపడుతోంది. ట్రిప్ ఖర్చంటే వెళ్ళి రావడానికి అయ్యేదే అనుకున్నావు. నువ్వు పంపిన ఎక్సెల్ షీట్ చూశాను, ఫ్లైట్లకి 24 వేలు, షూస్ 9 వేలు, క్రాష్ ప్యాడ్లు రెండు 32 వేలు, జాకెట్లు గట్రా 15 వేలు, జీపూ రూమూ తిండీ 28 వేలు, గోప్రో 42 వేలు. అన్నిటికంటే పెద్ద ఖర్చు కెమెరా! అది లేకపోతే రాయి ఎక్కనివ్వదా? పడితే దెబ్బ తగలకుండా కింద వేసుకునే పరుపుకి కూడా 32 వేలు రాసుకున్నవాడివి, ఆ పరుపు పక్కన పడి మణికట్టు విరిగితే రెండు నెలలు ఇల్లు ఎలా నడుస్తుందో ఆ షీట్‌లో ఒక్క లైన్ రాయలేదు.

ఆ లైన్ నేను రాస్తా చూడు. ఇంట్లో అమ్మకి 18 వేలు, బైక్ ఈఎంఐ 4,200, చీటీ 5 వేలు, నీ పెట్రోలూ ఫోనూ టిఫిన్లూ కలిపి 9 వేలు, మొత్తం 36,200. జీతం వచ్చినా రాకపోయినా ఇవి ఆగవు. నెలకి మిగిలేది 9,800, అందులో 8 వేలు యాప్ వాడికి పోతే నీకు 1,800. చేతికి పిండికట్టుతో ఇంట్లో కూర్చుంటే, లీవులు అయిపోయాక లాస్ ఆఫ్ పే, అప్పుడు ఈఎంఐకి ఇంకో యాప్. ఇలా ఒక యాప్‌తో మొదలై నాలుగు యాప్‌లతో నా ముందు కూర్చున్నవాళ్ళని చూశాను కాబట్టే ఇంత చిరాకు. మా క్లయింట్ ఒకాయన అయితే కొండా లేదు గుట్టా లేదు, వారధి మీద స్కూటర్ స్కిడ్ అయ్యి భుజం విరిగింది, మూడు నెలలు ఇంట్లోనే. ఆయన్ని కాపాడింది ఇన్సూరెన్స్ కాదు, సేవింగ్స్‌లో ముట్టుకోకుండా పెట్టుకున్న డబ్బు.

"ఆఫీస్ మెడిక్లెయిమ్ 3 లక్షలుంది, నాన్నగారి ఎఫ్‌డీ 2 లక్షలుంది, ఎమర్జెన్సీకి అవి చాలు కదా" అన్నావు. చాలవు. నాన్నగారు మిర్చి యార్డ్‌లో గుమాస్తా అని నువ్వే రాశావు, సీజన్ అయిపోతే ఆయన ఆదాయం ఎంతో నీకు తెలుసు, ఆ ఎఫ్‌డీ ఆయన ఎమర్జెన్సీ ఫండ్, నీది కాదు. ఇక మెడిక్లెయిమ్ హాస్పిటల్ బిల్లు కడుతుందేమో గానీ జీతం ఇవ్వదు. హెల్త్ పాలసీల స్టాండర్డ్ మినహాయింపుల్లో రాక్ క్లైంబింగ్ పేరు పెట్టి మరీ ఉంది, కాకపోతే ప్రొఫెషనల్‌గా చేసేవాళ్ళకి అని ఉంటుంది, నువ్వు సరదాకి ఎక్కేవాడివి కాబట్టి దాంతో నీకు ఇబ్బంది రాకూడదు. కానీ మీ ఆఫీస్ పాలసీలో ఆ మాట ఎలా రాశారో హెచ్‌ఆర్‌ని అడిగి మెయిల్‌లో జవాబు తీసుకో, నోటిమాట పనికిరాదు. యాక్సిడెంట్ పాలసీ తీసుకుంటే ఇంకా జాగ్రత్త, చాలావాటిలో ప్రొఫెషనలా కాదా అని చూడకుండా అడ్వెంచర్ స్పోర్ట్స్ మొత్తం తీసేస్తారు. దెబ్బ తగిలితే ఛత్రు నుంచి మనాలి దాకా జీపులో దింపడానికి ఎవరో ఇస్తారని మాత్రం నమ్ముకోకు, అది నీ జేబులోంచే అనుకో.

వడ్డీ సంగతి కూడా చెప్పేస్తా. ఆ 14 శాతం ఫ్లాట్ రేటు. నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం లక్షన్నర మీదే వేస్తున్నాడు, 24 నెలల్లో నువ్వు కట్టేది 1,92,000. అసలు తగ్గే లెక్కన చూస్తే అది ఏడాదికి దాదాపు 25 శాతం, ప్రాసెసింగ్ ఫీజు కాకుండానే. గాజులు పెడితే వడ్డీ తక్కువే పడుతుంది, కానీ ట్రిప్ కోసం అమ్మ గాజులా! చీటీ ఇప్పుడు పాడుకుంటే పాటలో వదులుకోవాల్సిన డబ్బు ఎక్కువ, వదిలేయ్.

మరి ఏం చేయాలి? సేవింగ్స్‌లో 38 వేలున్నాయన్నావు, క్రెడిట్ కార్డ్ మీద 22 వేలు బాకీ పెట్టుకుని మినిమమ్ డ్యూ కడుతున్నావు. నెలకి మూడున్నర శాతం అంటే 770 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. ముందు అది ఈ నెలే మొత్తం కట్టేయ్. మిగిలిన 16 వేలకి నెలకి 9,800 కలుపుకుంటూ పోతే 12 నెలల్లో 1,33,600 అవుతుంది. అందులో మూడు నెలల ఖర్చు 1,08,600 వేరే అకౌంట్‌లో పెట్టి దాని డెబిట్ కార్డ్ అమ్మకి ఇచ్చేయ్. ఆరు నెలలది ఉండాలనేదే నా రూలు, నీకు కొండ పిచ్చి ఉంది కాబట్టి మూడుకి ఒప్పుకుంటున్నా, మిగతా మూడూ ట్రిప్ నుంచి వచ్చాక. ఇంకో మూడు నెలలు ఆగితే 54 వేలు ట్రిప్‌కి చేతికొస్తాయి. ఇప్పుడు మార్చి కదా, 15 నెలలంటే సరిగ్గా వచ్చే ఏడాది జూన్, మామూలుగా కుంజుమ్ దారి తెరిచేదీ అప్పుడే.

54 వేలు చాలతాయి. గోప్రో కొట్టేయ్, ఢిల్లీ దాకా ట్రైన్, అక్కణ్ణుంచి మనాలికి బస్సు, ప్యాడ్లు మనాలిలో అద్దెకి అడుగు, జాకెట్ ఎవరిదైనా తీసుకో. కాజాలో ఏటీఎం ఉంది కదా అని ధీమాగా పోకు, క్యాష్ పెట్టుకో, కొండచరియలు పడి రోడ్డు మూసేస్తే రెండు రోజులు ఇరుక్కుంటావు, లీవు కూడా ఆ లెక్కనే పెట్టు. ఈలోపు చేతులు ఊరుకోవంటే షూస్ ఒక్కటీ కొనుక్కుని, గుంటూరులో రాత్రి అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కు, పొద్దున్నే హోస్పేటలో దిగుతావు. హంపిలో ఉన్నన్ని బండలు నువ్వు ఏడాదిలో ఎక్కలేవు.

ఇది చదివేలోపే యాప్‌లో క్లిక్ కొట్టేసి డబ్బులు పడిపోయి ఉంటే, వాళ్ళిచ్చిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోన్ షరతులన్నీ ఉండే కాగితం) తెరిచి కూలింగ్ ఆఫ్ పీరియడ్ ఎన్ని రోజులో చూడు. ఆ గడువులో అసలూ, ఉన్నన్ని రోజుల వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు పోతే పోయింది. కొన్నిట్లో ఆ గడువు ఒక్క రోజే ఉంటుంది, కాబట్టి రేపు చూద్దాంలే అనుకోకు.