‘వీక్‌నెస్’ అని చెప్పి ఊరుకోకండి, చెల్లెమ్మా

సెలవులకు ప్రొద్దుటూరు వచ్చి, మీ ఉత్తరం ఇక్కడే చదివాను. అనంతపురం నుంచి టెక్సస్ చేరి ఏడాది, అందులో ఎనిమిది నెలలుగా తీరని అలసట, పరీక్షలన్నీ మామూలేనని డాక్టర్ పంపించేశారు. చదివాక మనసు చివుక్కుమంది. మీ జబ్బేమిటో నేను చెప్పలేను. పదిహేనేళ్లుగా అమెరికాలో మెడికల్ కోడింగ్, అంటే డాక్టర్ రాసిన జబ్బుల్నీ లక్షణాల్నీ కోడ్ నంబర్లుగా మార్చే పని చేస్తున్నదాన్ని కాబట్టి, మీ బాధ రికార్డులోకి ఎలా ఎక్కుతుందో మాత్రం చెప్పగలను.

నిన్న ఇక్కడి మందుల దుకాణంలో ఒకామె ‘నీరసంగా ఉంది’ అనగానే బీ కాంప్లెక్స్ తీసిచ్చారు. మన నీరసంలో అలసట, ఆయాసం, దిగులు, నిద్రలేమి అన్నీ ఇమిడిపోతాయి. దాన్నే ఇంగ్లీషులో ‘వీక్‌నెస్’ అనేస్తాం. అక్కడి డాక్టరుకు ఆ మాట వినగానే కండరాల బలం తగ్గిందేమోనన్న ఆలోచన వస్తుంది. ‘వీక్‌నెస్’ అన్న మాటకు కోడ్ ఆర్53.1. మామూలు అలసటకు ఆర్53.83, వివరం రాయని దీర్ఘకాలిక అలసటకు ఆర్53.82. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అని, విశ్రాంతి తీసుకున్నా తీరని అలసటతో నెలల తరబడి బాధపెట్టే జబ్బు ఒకటుంది, దానికి 2022 అక్టోబరు 1 నుంచి జీ93.32 అని విడిగా కోడ్ ఇచ్చారు. ఏది వేయాలన్నా మాకు డాక్టర్ రాసిన మాటే ఆధారం. ఓపీ నోట్‌లో ఫలానా జబ్బని ‘అనుమానం’ అని ఉంటే ఆ జబ్బు కోడ్ వేయకూడదు, లక్షణానికే వేయాలి.

అందుకే ఎప్పుడు మొదలైందో నెలతో సహా చెప్పండి. అనంతపురంలో రోజూ ఎంత దూరం నడిచేవారు, ఇప్పుడు ఏ పని దగ్గర ఆగిపోతున్నారు, అదీ చెప్పండి. ముఖ్యంగా, ఒకరోజు ఇల్లు సర్దితే మరునాడు మంచం దిగలేకపోతున్నారా? క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్‌ను గుర్తించడానికి 2015లో అమెరికా వైద్య నిపుణులు ఇచ్చిన ప్రమాణాల్లో ఇది తప్పనిసరి లక్షణం. ఆరు నెలలకు మించి పనులు చేసుకోలేకపోవడం, నిద్రపోయి లేచినా అలసట తీరకపోవడం కూడా ఉండాలి. వీటితోపాటు ఆలోచన మందగించడమో, నిలబడితే కళ్లు తిరగడంలాంటి ఇబ్బందో, రెండింట్లో ఒకటైనా ఉండాలి.

ఆ పేరు పెట్టేముందు మిగతా కారణాలు వెతకాలి. ఏయే పరీక్షలు చేశారో అడగండి. హిమోగ్లోబిన్ బాగున్నా ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, తక్కువగా ఉండవచ్చు. మీరు శాకాహారులైతే ఆ సంగతి చెప్పి బీ12 గురించి అడగండి. థైరాయిడ్, గురక, మనసులోని దిగులు, ఏదీ దాచకండి. పాత రిపోర్టులుంటే అమ్మగారిని ఫోనులో ఫొటోలు తీసి పంపమనండి.

డాక్టర్ రాసిన నోట్‌ను ఆసుపత్రి వెబ్‌సైటులో మీ పేరున ఉండే పేషెంట్ పోర్టల్‌లో చదవండి. తప్పుంటే సవరించమని రాతపూర్వకంగా అడిగే హక్కు మీకుంది. మామూలుగా 60 రోజుల్లోగా జవాబివ్వాలి.

ఇంకొక్క మాట. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు దుబాసీ కావాలని అడగండి. ఫెడరల్, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ, నిధులు తీసుకునే ఆసుపత్రులు ఆ సాయం ఉచితంగా అందించాలి. మీవారిని పక్కన కూర్చోబెట్టుకోండి, కానీ మీ ఒంటి సంగతి మీరే తెలుగులో చెప్పండి.