కొత్త ఇండీ ఆల్బమ్స్‌లో ఏ రికార్డు కొంటే తర్వాత రేటు పెరుగుతుంది?

ప్రశ్న కింద ఇంకో ముక్క కూడా ఉంది, నచ్చిన బ్యాండ్ కొత్త ఆల్బమ్ ఆరు రంగుల వినైల్‌లో, అంటే ఆరు రంగుల రికార్డులుగా వస్తోంది, అందులో ఏది తీసుకోవాలి అని. రేటు సంగతి తర్వాత చెప్తాగానీ ముందు ఈ రంగుల గోల తేల్చేద్దాం, ఎవరైనా అడుగుతారా అని ఎప్పట్నుంచో చూస్తున్నా.

నల్లది తీసుకోండి. ఎందుకో చెప్తా.

ఆ మధ్య ఓ చిన్న క్లబ్బులో షోకి వెళ్లా. ముగ్గురే ఉన్న బ్యాండ్, వినడానికి వచ్చినవాళ్లు వందమంది కూడా ఉండరు. షో అయిపోయాక రికార్డులు అమ్మే టేబుల్ దగ్గర డ్రమ్మరే కూర్చున్నాడు, చెమట కూడా ఆరలేదు, కార్డు మెషీన్‌కి సిగ్నల్ రాక దాన్ని చేత్తో పైకెత్తి అటూ ఇటూ తిప్పుతున్నాడు. టేబుల్ మీద రెండు దొంతరలు, ఒకటి మామూలు నల్లది, రెండోది పింకు మీద తెల్ల మరకల స్ప్లాటర్, దానికి లిమిటెడ్ అని మెరుపు స్టిక్కరు. నా ముందున్నవాళ్లంతా పింకుదే పట్టుకెళ్తున్నారు. నా వంతు వచ్చాక ఊరికే మాట కలుపుదామని, రెండిట్లో ఏది బాగా వినిపిస్తుంది బ్రో అని అడిగా. "పింకుది మేమింకా వినలేదు" అన్నాడు.

జోకనుకుని నవ్వా. అతను నవ్వలేదు. వెనక జనం ఉన్నా పట్టించుకోకుండా మొత్తం చెప్పుకొచ్చాడు. ఫ్యాక్టరీ వాళ్లు అసలు ప్రెస్సింగ్, అంటే రికార్డులు అచ్చు కొట్టడం, మొదలెట్టే ముందు టెస్ట్ ప్రెస్సింగ్ అని కొన్ని కాపీలు పంపిస్తారు కదా, అవి నల్ల వినైల్ మీదే వచ్చాయట, మామూలుగా అంతే వస్తాయి. ముగ్గురూ కూర్చుని విన్నారు, రెండో సైడులో ఒక పాట మధ్యలో ప్రతి చుట్టుకీ ఒకే చోట టిక్కు టిక్కుమంటోంది, ఇంకో కాపీ పెడితే అదే చోట అదే టిక్కు. అంటే లోపం ఆ ఒక్క కాపీలో లేదు, రికార్డులు నొక్కే లోహపు అచ్చు, స్టాంపర్‌లోనే ఉంది. వెనక్కి పంపి కొత్త స్టాంపర్ చేయించుకున్నారు, దాంతో రిలీజు నెలలకొద్దీ వెనక్కి పోయింది, టూర్‌కి రికార్డులు అందుతాయా లేదా అని వాళ్లకి నిద్ర లేదు. రెండోసారి వచ్చిన టెస్ట్ కాపీలు విని ఓకే చేశారు, అవీ నల్లవే. పింకువి మాత్రం నేరుగా డబ్బాల్లో దిగాయి, షోకి వచ్చే దారిలోనే డబ్బా విప్పారట.

మరి పింకుది ఎందుకు చేయించారు అన్నా. నల్లది ఒక్కటే పెడితే జనం ఆగి చూడట్లేదని ఆల్బమ్ విడుదల చేసే లేబుల్ కంపెనీ వాళ్లు చెప్పారట. "మేమూ వద్దనలేదులే, వ్యాన్‌కి డీజిల్ ఎవరు పోస్తారు" అన్నాడు.

ఇంతలో నా వెనకున్నతను ముందుకొచ్చి రెండు పింకువి తీశాడు, ఒకటి షెల్ఫులోకి, ఒకటి సీలు తియ్యకుండా దాచడానికి అని అతనే చెప్పాడు, ఎవరూ అడక్కుండానే. డ్రమ్మర్ కవర్లో పెడుతూ ఏ పాట నచ్చింది అని అడిగాడు. "ఇంకా వినలేదు బ్రో, ఫస్ట్ ప్రెస్సింగ్ కదా అని తీసుకుంటున్నా." షో మధ్యలో వచ్చాడట పాపం. డ్రమ్మర్ ఏమీ అనలేదు, థాంక్స్ అని ఇచ్చి పంపించాడు. చేసినవాడు వినని రికార్డు, కొన్నవాడు వినని రికార్డు. అలాంటి కాపీలే నాలుగేళ్ల తర్వాత పాత రికార్డులు అమ్మే డిస్కాగ్స్ సైట్‌లో మింట్ కండిషన్, అంటే కొత్తదానిలా ఉంది, అని తేలతాయి, మింట్‌గా ఉండక ఏమవుతుంది, ప్లేయర్ ముల్లు తగిలితే కదా.

రంగు వేస్తే సౌండు పాడవుతుందా అంటే అన్నిటికీ అలా చెప్పలేం, ఒకే రంగుతో శుభ్రంగా ప్రెస్ చేసినవి నా దగ్గరా ఉన్నాయి, నల్లవాటితో సమానంగానే ఉంటాయి. స్ప్లాటర్లు, చీకట్లో మెరిసేవి మాత్రం నాకు నమ్మకం లేదు, ఇక పిక్చర్ డిస్క్ అయితే బొమ్మ మీద పల్చటి పొర వేసి దాని మీద ముల్లు నడిచే గాడులు నొక్కుతారు, పాట మొదలవ్వకముందే గరగర మొదలవుతుంది. పైన పటారం లోన లొటారం. గోడకి తగిలించుకోవడానికైతే కొనండి, కాదనను.

నిజానికి నాకు రంగు కంటే కోపం తెప్పించేది నడిమి చిల్లు. చిల్లు ఒక్క వెంట్రుకవాసి పక్కకి జరిగినా పియానో, ఆర్గన్ లాంటివి సాగే చోట స్వరం ఊగుతుంది, ఒకసారి చెవికి పట్టిందంటే ఇక పాట వినలేరు, ఆ ఊగుడే వింటారు. 180 గ్రాముల వినైల్ అని గొప్పగా స్టిక్కర్ వేస్తారు, బరువుంటే సౌండు బాగుంటుందని ఎవరు చెప్పారో నాకైతే అర్థం కాదు, చిల్లు నడిమధ్యలో పెట్టి 140 గ్రాములే ఇవ్వండి చాలు. చిల్లు సరిగ్గా ఉందని స్టిక్కర్ వేసిన లేబుల్‌ని ఇంతవరకు చూళ్లేదు. అచ్చమైన అనలాగ్, అంటే ఎక్కడా డిజిటల్ చెయ్యి పడలేదు, అని స్టిక్కర్ వేస్తే మాత్రం ఎగబడతారు, 2022లో మొబైల్ ఫిడెలిటీ అనే రికార్డు కంపెనీ వాళ్లు అలా మురిపించిన రికార్డుల్లో మధ్యలో డిజిటల్ మెట్టు ఉందని బయటపడింది, అంతవరకు తేడా ఇట్టే పట్టేస్తామనే బంగారు చెవుల వాళ్లెవరూ కనిపెట్టింది లేదు. సరే అది వేరే గొడవ.

ఈ రంగుల వల్ల చిన్న బ్యాండ్లకి జరిగే నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. రికార్డు చేసే ఫ్యాక్టరీలు ప్రపంచం మొత్తమ్మీద ఎన్నో లేవు. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో అపోలో మాస్టర్స్ ఫ్యాక్టరీ కాలిపోయింది, స్టాంపర్‌కి మూలమైన మాస్టర్ కోయడానికి వాడే ల్యాకర్ డిస్కులు అప్పట్లో చేసేది ప్రపంచంలో ఇద్దరే, అందులో ఒకరు వాళ్లు, రెండోది జపాన్‌లో. సరిగ్గా అప్పుడే లాక్‌డౌన్లలో జనం రికార్డులు కొనడం మొదలెట్టారు. మరుసటి ఏడు అడెల్ ఆల్బమ్‌కి ఐదు లక్షలకు పైగా కాపీలు ప్రెస్ చేయిస్తున్నారని వార్తలొచ్చాయి, ఆవిడ తప్పేం లేదు, ఆవిడ పాటలు ఆవిడవి, కానీ మూడొందల కాపీలు అడిగే బ్యాండ్ క్యూలో ఎక్కడుంటుందో ఆలోచించండి. పైగా ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మారినప్పుడల్లా మెషీన్ ఆపి శుభ్రం చేయాలి, లేకపోతే ముందు రంగు కలుస్తుంది. పెద్ద స్టార్లు ఒకే ఆల్బమ్‌ని డజను రంగుల్లో వదిలితే ఆ మెషీన్ టైమంతా ఎవరి దగ్గర్నుంచి వస్తున్నట్టు? రికార్డు షాపుల కోసం ఏటా జరిపే రికార్డ్ స్టోర్ డే కూడా అంతే, 2008లో మొదలైనప్పుడు చిన్న షాపుల కోసం పెట్టారు, ఇప్పుడు ఏప్రిల్ వచ్చిందంటే ఎవరింట్లో చూసినా ఉండే పాత ఆల్బమ్‌కే కొత్త రంగు పూసి లైన్లో నిలబెడతారు.

2022లో అమెరికాలో 1987 తర్వాత మొదటిసారి సీడీల కంటే రికార్డులు ఎక్కువ అమ్ముడయ్యాయి, 4.1 కోట్లు వర్సెస్ 3.3 కోట్లు. అది చూసి మనవాళ్లంతా సంబరపడ్డారు. ఆ మరుసటి ఏడు మ్యూజిక్ అమ్మకాలు లెక్కగట్టే లూమినేట్ వాళ్ల రిపోర్టులో అక్కడ వినైల్ కొనేవాళ్లలో సగం మందికే ప్లేయర్ ఉందని వచ్చింది, నాకేం ఆశ్చర్యం వేయలేదు, ప్లేయర్ లేని ఆ సగం మంది ఎవరో నేను ఆ టేబుల్ దగ్గరే చూశా.

ఇక కొత్త రిలీజుల విషయానికొస్తే, పాటలు బాలేవని నేననను, ఎప్పుడూ లేనంత మంచి సంగీతం వస్తోంది. విడుదల చేసే పద్ధతే చెడిపోయింది. పది పాటల ఆల్బమ్‌లో అయిదు ముందే సింగిల్స్‌గా వదిలేస్తారు, ఆల్బమ్ వచ్చేరోజుకి సగం పాతది. తర్వాత మూడు వారాలకి ఇంకో నాలుగు పాటలు కలిపి డీలక్స్ అంటారు, ముందుగా ఆర్డర్ పెట్టి నెలలు ఎదురుచూసినవాడే వెర్రివాడన్నమాట. ఇంకోటి, స్ట్రీమింగ్‌లో మొదటి పాటలకే జనం వెళ్లిపోతారన్న భయంతో బలమున్నవన్నీ ముందు పెట్టేసి చివరికి మిగిలినవి సర్దేస్తున్నారు, రెండో సైడుకి ప్రాణం లేదు. వినైల్‌లో రెండో సైడు మొదటి పాట అంటే ఒక హోదా, లేచి వెళ్లి తిప్పినందుకు దొరకాల్సిన ఫలితం అది. ఇంకో విషయం, ముల్లు రికార్డు నడిమి వైపు పోయేకొద్దీ దాని కింద గాడి నెమ్మదిగా కదులుతుంది, అక్కడ గట్టిగా మోగే పాట పెడితే చిరిగినట్టు వినిపిస్తుంది, అందుకే తెలిసినవాళ్లు సైడు చివర్లో మెత్తటి పాట పెట్టేవాళ్లు. ఇప్పుడు ఎవరు చూస్తున్నారు అదంతా. మళ్లీ 38 నిమిషాల ఆల్బమ్‌ని రెండు డిస్కుల మీద పరుస్తారు, ఒక్కో సైడుకి మూడు పాటలు, కూర్చున్నామో లేదో లేవాలి.

అందరూ ఇలాగే ఉన్నారని కాదు. సిండీ లీ అనే ఇండీ ఆర్టిస్ట్ 2024లో 'డైమండ్ జూబిలీ' వదిలినప్పుడు స్ట్రీమింగ్‌లో పెట్టనేలేదు, రెండు గంటల ఆల్బమ్, 32 పాటలు, జియోసిటీస్ అనే పాతకాలం వెబ్‌సైట్ పేజీలో ఫైళ్లు, యూట్యూబ్‌లో ఒక పొడుగు వీడియో, అంతే. సింగిల్ లేదు, రంగు లేదు. జనం విని, ఒకరికొకరు చెప్పుకుని, ఆ తర్వాతే మూడు డిస్కుల రికార్డు వచ్చింది. ముందు వినడం, తర్వాత కొనడం, మామూలుగా ఉండాల్సిన వరస ఇదే. కింగ్ గిజార్డ్ అనే ఆస్ట్రేలియా బ్యాండ్ వాళ్లయితే 2017లో ఒక ఆల్బమ్ మాస్టర్ ఫైళ్లు ఉచితంగా ఇచ్చేసి ఎవరికి కావాలంటే వాళ్లు ప్రెస్ చేసుకోండి అన్నారు. ఆ ఆల్బమ్ పేరు 'పాలీగొండ్వానాలాండ్', డిస్కాగ్స్‌లో దాని వెర్షన్లు స్క్రోల్ చేస్తే వేలు నొప్పెడుతుంది, ఫస్ట్ ప్రెస్సింగ్ ఏదిరా అంటే ఎవరూ చెప్పలేరు. కలెక్టర్ల మీద ఇంతకంటే మంచి వేళాకోళం ఇంకొకటి రాలేదు. 2025లో స్పాటిఫై నుంచి కూడా వాళ్లు తమ పాటలు తీసేశారు, రికార్డు ఉన్నవాడు మాత్రం హాయిగా వింటున్నాడు. స్పాటిఫై సంగతి ఎత్తాను కాబట్టి, ఏడాదిలో వెయ్యి స్ట్రీములు కూడా రాని పాటకి 2024 నుంచి అక్కడ రాయల్టీ లేదు. నాకు ఇష్టమైన పాటల్లో చాలావరకు ఆ బాపతే.

అందుకని కొనేదేదో బ్యాండ్ దగ్గరే కొనండి, షో టేబుల్ మీదో, లేకపోతే బ్యాండ్లే నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లోనో. బ్యాండ్‌క్యాంప్ రికార్డుల మీద 10 శాతం, డిజిటల్ మీద 15 శాతం తీసుకుంటుంది, బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని కొన్ని శుక్రవారాలు పెడతారు, ఆరోజు అది కూడా వదిలేస్తారు, 2020 నుంచి నడుస్తోంది. రికార్డు కొంటే డిజిటల్ కాపీ కూడా మామూలుగా వచ్చేస్తుంది కాబట్టి డిస్క్ ఇంటికొచ్చేలోగా ఆల్బమ్ మీకు నచ్చిందో లేదో తేలిపోతుంది.

ఇప్పుడు రేటు. పెరిగేవాటిని ముందే కనిపెట్టొచ్చని చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు. 1988లో సబ్ పాప్ అనే లేబుల్ వాళ్లు చందాదారులకి రికార్డులు పంపే సింగిల్స్ క్లబ్ మొదలెట్టి మొదటి రికార్డు చేతితో నంబర్లు వేసి వెయ్యి కాపీలు చేశారు, నిర్వాణ అనే రాక్ బ్యాండ్ మొట్టమొదటి సింగిల్ అది, ఇవాళ దాని రేటు అడగక్కర్లేదు. కానీ అప్పుడు దాన్ని కొన్నవాడు రేటు చూసి కొన్నాడా? పేరు కూడా తెలియని బ్యాండ్ అది. లిమిటెడ్ అని స్టిక్కర్ వేసి, వేలమంది కొని, అందరూ సీలు తియ్యకుండా దాస్తే అది అరుదు ఎలా అవుతుంది? బ్యాండ్ నుంచి రీప్రెస్, అంటే మళ్లీ అచ్చు, వస్తోందని ఒక్క మెయిల్ వస్తే రేటు ఆ వారంలోనే కూలిపోతుంది, రావాలి కూడా, వినాలనుకున్నవాడికి దొరకాలి కదా.

సీలు తియ్యకుండా దాచే ఆలోచన ఉంటే ఇంకో మాట, ఆ బిగుతు ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా బిగుసుకుని లోపల రికార్డుని వంచేస్తుంది. విప్పితే తప్ప తెలీదు, విప్పితే సీల్డ్ కాదు. మీరు అమ్మాక కొన్నవాడు విప్పి, పళ్లెంలా వంగి ఉందని వెనక్కి పంపిస్తే ఆ తిరుగు ఛార్జీలు ఎవరు పెట్టుకోవాలన్న గొడవ అప్పుడు మొదలవుతుంది.