రామోజీ ఫిల్మ్ సిటీలో రాత్రి బస చేయాలా, ఒక్క రోజులో చూసి వచ్చేయవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: కాలేజీ స్నేహితులు కుటుంబాలతో కలుస్తున్నారు, చిన్న పిల్లలున్నారు, ఒకరి అమ్మగారు కూడా వస్తున్నారు. ఫిల్మ్ సిటీ లోపలి హోటల్లో దిగితే పెట్టిన డబ్బుకు తగ్గ సుఖం ఉంటుందా, లేక హైదరాబాద్ ఎల్బీ నగర్ దగ్గర ఎక్కడైనా గదులు తీసుకుని పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయడం మేలా?

దాదాపు ఇలాంటి బృందంతోనే నేను లోపల బస చేశాను. ఒక్క రాత్రి లోపల ఉండండి. అందుకు ఖరీదైన గదే తీసుకోవాలని లేదు.

ఎందుకో చెబుతాను. ఫిల్మ్ సిటీ 1,666 ఎకరాల స్థలం. ప్రపంచంలో అతి పెద్ద సినిమా స్టూడియో సముదాయంగా గిన్నిస్ వాళ్లు నమోదు చేసింది దీన్నే. 1996లో రామోజీరావు గారు ప్రారంభించిన నాటి నుంచి ఇది మొదట సినిమాలు తీసే చోటు, ఆ తర్వాతే సందర్శన స్థలం. ఒక్క రోజు కోసం వచ్చినవారు ఏం చేస్తారంటే, హైదరాబాద్ నుంచి ముప్పై కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, జాతీయ రహదారి మీద గేటు దగ్గర టికెట్లు తీసుకుని, అక్కడి నుంచి మళ్లీ లోపలి బస్సెక్కి, సందర్శన మొదలయ్యే యురేకా అనే చోటికి చేరుతారు. అప్పటికే ఎండ ముదురుతుంది. ఇక చేతిలో సమయసారిణి పట్టుకుని ఒక ప్రదర్శన నుంచి ఇంకో ప్రదర్శనకు పరుగు. సెట్లు చూపించే ఎర్ర బస్సు ఎక్కేది సరిగ్గా మిట్ట మధ్యాహ్నం, అందరూ అలిసిపోయి ఉన్నప్పుడు. ఫిల్మ్ సిటీ ప్రాణమంతా ఆ సెట్లలోనే ఉంది. వాటిని నీరసంగా, కిటికీలోంచి చూసి రావడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

లోపల ఉంటే ఈ చిక్కు తీరిపోతుంది. మధ్యాహ్నం పెద్దవాళ్లు, పిల్లలు గదికి వెళ్లి రెండు గంటలు నడుం వాల్చవచ్చు. మర్నాడు పొద్దున హైదరాబాద్ నుంచి బస్సులు వచ్చేలోగా మీరు ఫలహారం ముగించి యురేకా దగ్గర ఉంటారు. హోటల్ గదికి మీరు ఇచ్చే డబ్బు నిజానికి ఈ రెండింటికే.

హోటళ్ల సంగతి. సితార పెద్ద హోటల్, తార దానికంటే ఒక మెట్టు తక్కువ. వసుంధర విల్లా, శాంతినికేతన్ ఇంకా తక్కువ ధరలో దొరుకుతాయి, సాహస క్రీడలుండే సాహస్‌లో బృందాలకు అందరూ కలిసి ఉండే పెద్ద గదులు ఉన్నాయి. సితార అందంగా ఉంటుంది, ఆ మాట కాదనను. కొత్తగా పెళ్లయినవారో, తల్లిదండ్రుల పెళ్లిరోజు జరపాలనుకునేవారో అయితే సితారకే వెళ్లమంటాను. స్నేహితుల బృందం మాత్రం గదిలో గడిపేది నిద్రపోయే వేళ, ఆ మధ్యాహ్నం రెండు గంటలు. మేము తారలో దిగాం. గది శుభ్రంగా ఉంటే, వేడి నీళ్లు వస్తే, రాత్రి పన్నెండింటిదాకా ఒకే గదిలో చేరి కబుర్లు చెప్పుకునే చోటుంటే ఇంకేం కావాలి? పెళ్లికాని కుర్రవాళ్లు మాత్రమే అయితే సాహస్ సరిపోతుంది. మీలో అమ్మగారు ఉన్నారు కాబట్టి ఆవిడ గదికి మాత్రం వెనకాడకండి. మెట్లెక్కే పని లేకుండా కింది అంతస్తులో ఇమ్మని బుక్ చేసేటప్పుడే అడగండి.

బుక్ చేసేటప్పుడు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. గదితో పాటు సందర్శన టికెట్టు, భోజనం కలిపి ఉన్న ప్యాకేజీలు ఉంటాయి, గది ఒక్కటే ఇచ్చేవీ ఉంటాయి. టికెట్టు ఏ రోజుకు చెల్లుతుంది, మొదటి రోజు మధ్యాహ్నం చేరితే ఆ సాయంత్రం ప్రదర్శనలు చూడవచ్చా, రెండో రోజు గది ఖాళీ చేశాక కూడా లోపల తిరగవచ్చా అని ఫోను చేసి స్పష్టంగా కనుక్కోండి. ధరలు, సమయాలు పండగల కాలానికీ మామూలు రోజులకూ తేడాగా ఉంటాయి. అందుకే ఇక్కడ అంకెలు రాయడం లేదు, వాళ్ల వెబ్‌సైట్‌లో ఆ వారం ధరే చూడండి.

దారి గురించి క్లుప్తంగా. విజయవాడ వైపు నుంచి వచ్చే స్నేహితులు హైదరాబాద్ లోపలికి రానే అక్కర్లేదు, ఆ రహదారి మీద నగరం కంటే ముందే ఫిల్మ్ సిటీ వస్తుంది. విమానంలో శంషాబాద్‌లో దిగేవారు ఔటర్ రింగు రోడ్డెక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగిపోతే నగరం రద్దీ తగలదు. నగరంలో ఉన్నవారికి ఎల్బీ నగర్ దాకా మెట్రో, అక్కడి నుంచి బస్సు లేదా క్యాబు. మా వాళ్లు తలా ఒక దిక్కు నుంచి వచ్చినా మధ్యాహ్న భోజనం వేళకు అందరం హోటల్ దగ్గరే కలుసుకున్నాం. ఎవరికోసం ఎవరూ రోడ్డు మీద ఎదురుచూడలేదు.

మొదటి రోజు మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు ప్రదర్శనలకే పెట్టుకోండి. చాలావరకు నీడ పట్టున కూర్చుని చూసేవే. వాటిలో ఏది వదిలినా మూవీ మ్యాజిక్‌లో సినిమా ఎలా తీస్తారో చూపించే ప్రదర్శన వదలకండి. ప్రేక్షకుల్లోంచే కొందరిని పిలిచి ఒక సన్నివేశం తీస్తారు. మా బృందంలో ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని అమ్మాయి ఒకామె ఉంది. ఆమెను పిలిచి, గుర్రం లేని టాంగా మీద కూర్చోబెట్టి, చేతికి కొరడా ఇచ్చి, దొంగలు తరుముతున్నట్లు అరవమన్నారు. మొదట సిగ్గుపడింది. తర్వాత ఆ టాంగా అటూ ఇటూ ఊగుతుంటే నిజంగానే అరిచింది! వెనక ఉన్నది ఒట్టి రంగు తెర. తర్వాతి గదిలో ఇంకొందరు ప్రేక్షకులు గుర్రపు డెక్కల చప్పుడు, చక్రాల చప్పుడు చేతిలో ఉన్న మామూలు వస్తువులతోనే పుట్టిస్తారు. చివరి గదిలో ఇవన్నీ కలిపి తెర మీద వేస్తే, మా స్నేహితురాలు కొండదారిలో దుమ్ము రేపుకుంటూ టాంగా తోలుతోంది! కెమెరా, ధ్వని, కూర్పు, ఈ మూడు పనులు విడివిడిగా జరుగుతాయని పుస్తకంలో చదివితే ఎక్కని విషయం పదేళ్ల పిల్లవాడికి కూడా అరగంటలో ఎక్కింది. ఆ పిల్లవాడు ఆ తర్వాత ఏ సినిమా చూసినా ఈ చప్పుడు ఎలా చేసి ఉంటారని అడుగుతూనే ఉన్నాడు.

పశ్చిమ అమెరికా కౌబాయ్‌ల పోరాట ప్రదర్శన కూడా బాగుంటుంది. తుపాకుల మోత, పేలుళ్లు గట్టిగా వినిపిస్తాయి. నెలల పసివాళ్లుంటే వెనక వరసల్లో కూర్చోండి. స్పిరిట్ ఆఫ్ రామోజీ అనే నృత్య ప్రదర్శనకు ముందుగా వెళ్లి మధ్య వరసలు పట్టుకోండి. ఇక్కడ పనిచేసే నర్తకులు, స్టంట్ కళాకారులు అదే ప్రదర్శనను రోజూ చేస్తారు, ఎండాకాలంలో కూడా అంత బరువు దుస్తుల్లో. చూసేవాళ్లం మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టాలి. సగంలో లేచి వెళ్లిపోయే వాళ్లను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

చీకటి పడ్డాక దీపాలు వెలిగించిన యురేకా, ఫౌంటెన్లు పూర్తిగా వేరే ఊరిలా ఉంటాయి. పండగ సీజన్లలో సాయంత్రం ఊరేగింపు, ఆటపాటలు కూడా ఉంటాయి. ఒక్క రోజు మీద వచ్చినవారు ఆఖరి బస్సు తప్పిపోతుందేమోనని గడియారం చూసుకుంటూ ఉంటారు. మీకు ఆ తొందర ఉండదు.

రెండో రోజు పొద్దున సెట్లు. సందర్శన మొదలుకాగానే ఎర్ర బస్సు ఎక్కండి. గైడు ఉంటారు. ఏ సినిమాలో ఏ పాట ఎక్కడ తీశారో వాళ్లు చెబుతుంటే వయసును బట్టి ఒక్కొక్కరు ఒక్కో చోట ఉలిక్కిపడతారు. హవా మహల్, మొఘల్ తోట, లండన్ వీధి, రైల్వే స్టేషను, జైలు అన్నీ వరసగా వస్తాయి. విమానాశ్రయం చూశాక చుట్టూ తిరిగి పక్కకు వస్తే అదే కట్టడం ఆసుపత్రి. ఒకే కట్టడానికి నాలుగు ముఖాలు కడితే నాలుగు సినిమాలకు పనికొస్తుంది. స్థలం ఎంత ఉన్నా సినిమావాళ్లకు సమయం డబ్బుతో సమానం, ఒక చోట నుంచి ఇంకో చోటికి సామగ్రి మోయకుండా కెమెరా తిప్పితే చాలు.

దిగనిచ్చిన చోటల్లా దిగండి, దగ్గరికి వెళ్లి చూడండి. కృపాలు గుహలు అజంతా, ఎల్లోరాల తరహాలో ఉంటాయి. రాతి స్తంభం అనుకున్నదాన్ని వేలి కణుపుతో చిన్నగా తడితే లోపల డొల్లగా మోగుతుంది. శిల్పం మీద నాచు, వాన చారలు, విరిగిన ముక్కు అన్నీ రంగులతో తెచ్చినవే. బాపు గారు ఈటీవీ కోసం తీసిన భాగవతం ధారావాహికకు వేసిన సెట్టులో కూడా అంతే. ఆ చారలు గీసిన పెయింటర్ల పేర్లు ఎవరికీ తెలియవు. నేను అక్కడ ఎక్కువసేపు నిలబడింది ఆ పనితనం చూస్తూనే. బాహుబలి కోసం కళా దర్శకుడు సాబు సిరిల్ ఆధ్వర్యంలో వేసిన మాహిష్మతి సెట్టు దగ్గర అందరూ ఫొటోలకు ఎగబడతారు, మీరూ తీసుకోండి. తర్వాత కాస్త పక్కకు వెళ్లి గోడల వెనక భాగం ఎక్కడైనా కనిపిస్తుందేమో చూడండి. ముందు నుంచి కోట, వెనక నుంచి చెక్కలు, ఇనుప చట్రాలు.

గుడి సెట్టు దగ్గర జరిగింది చెబుతాను. గర్భగుడిలో విగ్రహం ఉండదు. ఏ సినిమాకు ఏ దేవుడు కావాలంటే ఆ విగ్రహం తెచ్చి పెడతారని గైడు వివరించారు. మా బృందంలో ఉన్న పెద్దావిడ అంతా విని, తల ఊపి, చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నారు. “ఏ దేవుడికి పెట్టావు అమ్మా?” అని కొడుకు అడిగితే “రాబోయే ఆయనకి” అన్నారు. బస్సులో ఆ పూటంతా అదే మాట.

పిల్లలు ఆడుకునే ఫండుస్తాన్, పక్షుల పార్కు, సీతాకోకచిలుకల తోట, బోన్సాయ్ మొక్కలు, ఇవి భోజనం తర్వాత. పక్షుల పార్కు పెద్దవాళ్లకూ నచ్చుతుంది. బోరాసుర చీకటిగా ఉండి భయపెట్టే గుహ, ఐదేళ్ల లోపు వాళ్లను తీసుకెళ్లవద్దు. సాహస్‌లోని సాహస క్రీడలకు సమయం విడిగా కావాలి, మీలో కుర్రవాళ్లు ఎక్కువ మంది ఉంటేనే పెట్టుకోండి.

స్నేహితులతో వెళ్లినప్పుడు అసలు ఇబ్బంది అందరూ అన్నిచోట్లా కలిసే తిరగాలన్న పట్టుదల. ఒకరికి ఫొటోలు, ఒకరికి రైడ్లు, పిల్లల తల్లులకు కాసేపు కూర్చునే చోటు కావాలి. ఒకరి కోసం అందరూ ఆగి ఆగి చివరికి ఎవరికీ తృప్తి ఉండదు. మేము ముందే కూర్చుని మాట్లాడుకున్నాం: మూవీ మ్యాజిక్, ఎర్ర బస్సు, రెండు పూటల భోజనం, ఇవి మాత్రం అందరూ కలిసి. మిగతా సమయం ఎవరికి నచ్చినట్లు వారు, కలుసుకునే చోటు యురేకా. ఖర్చులన్నీ ఒక్కరే పెట్టి లెక్క ఫోనులో రాశారు, ఆఖరి రోజు పంచుకున్నాం. డబ్బు మాట మధ్యలో రాకపోతే కబుర్లు ఎంత హాయిగా సాగుతాయో! బయటి తినుబండారాలు లోపలికి అనుమతించరు కాబట్టి పసిపిల్లల ఆహారం, పెద్దావిడ మందుల సంగతి ముందే అడిగి పెట్టుకోండి. రోజంతా నడక ఉంటుంది, కొత్త చెప్పులు వేసుకుని రావద్దని అందరికీ చెప్పండి.

ఇక ఎప్పుడు వెళ్లాలి? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ బాధ తక్కువ, రాత్రి మాత్రం పిల్లలకు స్వెట్టర్లు కావాలి. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా సందడి, దీపాలు ఎక్కువ, జనమూ ఎక్కువే. మీతో పెద్దావిడ ఉన్నారు కాబట్టి ఆ రోజులు వదిలేసి, జనవరి చివరి వారాల్లో ఏదో ఒక సోమ, మంగళవారాలు చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో తప్పదంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా గది దాటి బయటికి రాకండి. రెండో రోజు గది ఖాళీ చేసేటప్పుడు సామాన్లు రిసెప్షన్‌లో పెట్టుకోనిస్తారేమో అడగండి. అలా అయితే సాయంత్రం దాకా చేతులు ఖాళీగా తిరగవచ్చు.