మామూలు ఆన్‌లైన్ షాపు సాఫ్ట్‌వేర్‌తో కంపెనీలకు అమ్మకాలు నడపలేమా?

కొనే కంపెనీలు కొన్నే ఉండి అందరికీ ఒకే ధర అయితే నడపొచ్చు. ధర, అప్పు గడువు, ఆమోదాలు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటే మాత్రం బీటూబీ (కంపెనీలు కంపెనీలకే అమ్మే వ్యాపారం) కోసమే తయారైన ఎంటర్‌ప్రైజ్ ప్లాట్‌ఫామ్, అంటే పెద్ద సంస్థల స్థాయి అమ్మకాల సాఫ్ట్‌వేర్ కావాలి.

కారణం కొనే పద్ధతిలోనే ఉంది. ఇంటికి కొనుక్కునేవారు ధర చూసి అప్పటికప్పుడు కట్టేస్తారు. కంపెనీలో వస్తువు ఎంచుకునేది ఒకరు, ఆమోదించేది మరొకరు, డబ్బు కట్టేది అకౌంట్స్ విభాగం. అదీ చాలాసార్లు ఇన్‌వాయిస్ వచ్చిన 30 లేదా 60 రోజులకు!

ఉదాహరణకు బేరింగులు అమ్మే సంస్థనే తీసుకోండి. ఒక ఫ్యాక్టరీతో ఏడాది ఒప్పందం ధర ఉంటుంది, ఒక డీలరుకు ఆర్డరు 500 బేరింగులు దాటితే తగ్గింపు ఉంటుంది. ఫ్యాక్టరీ ఇంజనీరు లాగిన్ అయితే తమ ఒప్పందం ధరే కనిపించాలి. అతని కొనుగోలు పరిమితి దాటిన ఆర్డరు మేనేజరు ఆమోదానికి వెళ్లాలి. పాత బకాయి ఎక్కువైతే ఆర్డరు ఆగాలి. రిటైల్ సాఫ్ట్‌వేర్‌కు ప్లగిన్లు (అదనపు చిన్న ప్రోగ్రాములు) తగిలిస్తూ ఇవన్నీ చేయొచ్చు కానీ, ప్రతి అప్‌డేట్‌కూ ఏది ఆగిపోతుందోనన్న టెన్షన్ తప్పదు.

ప్లాట్‌ఫామ్ కొంటే పని అయిపోయినట్టే అనుకోవడం చాలామంది పొరపాటు. అసలు శ్రమ దాన్ని ఈఆర్‌పీతో, అంటే సంస్థ స్టాకు, లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్‌తో కలపడంలో ఉంది. స్టాకు, ధరలు, బకాయిలు అక్కడి నుంచే రావాలి. అక్కడ ఒకే వస్తువు రెండు కోడ్‌లతో ఉంటే, ఇన్నాళ్లూ సిబ్బంది సర్దుకుపోయిన ఆ తప్పు ఇప్పుడు నేరుగా కస్టమర్‌కే కనిపిస్తుంది.