పార్కు రోడ్డు కన్నా ఎత్తుగా ఉంటే ఎన్ని మొక్కలు పెట్టినా దండగే

ప్రశ్న: "హైదరాబాద్‌లో మా కాలనీ రోడ్డు కాస్త గట్టి వానకే చెరువైపోతోంది. పార్కులో రెయిన్ గార్డెన్ (వాన నీళ్లు నిలిచి ఇంకేలా పల్లంగా చేసిన మొక్కల మడి) పెడదామని కొందరు, అదంతా దండగ, పెద్ద పైపులు వేయిద్దామని కొందరు అంటున్నారు. మొక్కలతో వరద తగ్గుతుందా?"

తగ్గుతుంది. కానీ తగ్గించేది మొక్కలు కాదు, పల్లం. ఈ ఒక్క మాట మా అసోసియేషన్ వాళ్ల చెవికి ఎక్కించేసరికి నా గొంతు పోయింది. నీరు పల్లమెరుగు అని చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంటాం. తీరా పార్కు కట్టే రోజు వస్తే లారీల కొద్దీ ఎర్రమట్టి తెప్పించి, రోడ్డు కన్నా అడుగు ఎత్తున పోసి, చుట్టూ పిట్టగోడ, దాని మీద గ్రిల్, మధ్యలో కొరియన్ గడ్డి. అచ్చం బోర్లించిన పళ్లెం. పైన పడ్డ వాన లోపల ఇంకకపోగా మట్టిని కూడా వెంటబెట్టుకుని రోడ్డెక్కుతుంది. మన రోడ్ల మధ్య డివైడర్లూ అంతే. వాన వెలిశాక చూడండి, రెండు పక్కలా ఎర్రటి బురద కారి ఉంటుంది. దాన్ని చూసి ఎవరికీ ఏమీ అనిపించదు.

మా పార్కు సంగతి చెప్తాను. కాలనీకి సరిగ్గా నడుమ ఉంటుంది. పై వీధుల నీళ్లన్నీ దాని గోడను రాసుకుంటూ కింది వీధిలోకి పోయేవి. అక్కడ ఇళ్ల సెల్లార్లు నిండేవి, స్కూటర్లు తేలేవి. గడ్డి పీకి ఒక పక్క తవ్విద్దామని నేను అంటే మేస్త్రి నవ్వాడు. "పార్కంటే ఎత్తుగుంటేనే లుక్కొస్తది మేడం, మీరేమో గుంత తవ్వమంటున్రు." ఎదురింటి పెద్దాయన ఇంకో మెట్టు పైకెక్కాడు. "రోడ్డు మీద మురికంతా పిల్లలాడుకునే చోటికి తెస్తావేంటమ్మా, డెంగ్యూ వస్తే ఎవరిది పూచీ?" దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చి ఎగరడానికి వారం అటూఇటూ పడుతుందనీ, ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోయే నీళ్లలో దాని సంసారం సాగదనీ చెప్పాను. వింటేగా! తన సెల్లార్‌లో వారాల తరబడి నీళ్లు నిలిచినప్పుడు మాత్రం ఆయనకు దోమలు గుర్తుకు రావు.

ఎలాగో ఒప్పించాం. ఉయ్యాలలు, నడక దారి పైనే వదిలేసి, గోడ వెంబడి వెడల్పాటి మడి ఒకటి రోడ్డు కన్నా అడుగు లోతుకు దింపించాం. పిట్టగోడ అడుగున అక్కడక్కడా ఇటుకలు తీయించి కంతలు పెట్టించాం. ప్రతి కంత లోపలా మట్టి ఆగడానికి చిన్న తొట్టి, దాని ముందు బండరాళ్లు. రాళ్లు లేకపోతే ఉరికొచ్చే నీళ్లు మడిని కోసేస్తాయి. ఇది నా సొంత తెలివి కాదు. అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరంవాళ్లు 2005లోనే రోడ్డు అంచు రాయికి గండ్లు పెట్టి, వీధి నీళ్లను పక్కనున్న మొక్కల మళ్లలోకి మళ్లించారు. అక్కడ దాన్ని చూడ్డానికి ఇంజినీర్లు వస్తారు, ఇక్కడ మేస్త్రి నవ్వుతాడు.

జూలైలో ఒక సాయంత్రం కుండపోత మొదలైంది. గొడుగేసుకుని కంత దగ్గరికెళ్లి నిలబడ్డాను. ఒక్క చుక్క లోపలికి పోతే ఒట్టు. పాల ప్యాకెట్లు, గుట్కా కవర్లు, కానుగ ఆకులు అన్నీ కలిసి కంతకు అడ్డం పడ్డాయి. నీళ్లేమో దర్జాగా దాటుకుని కిందికి పోతున్నాయి. చెప్పుకాలితో తోశాను, కదల్లేదు. కుచ్చెళ్లు ఎగదోపుకుని వంగి చేత్తో లాగితే, ఆ ముద్ద ఊడొచ్చి, నీళ్లు ఒక్కసారిగా పక్కకు తిరిగాయి. తొట్టి నిండి, రాళ్ల మీద నుంచి పొర్లి, మెట్ట తామర దుబ్బుల మొదళ్లు మునిగాయి. ఈలోగా మేస్త్రి కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. కాసేపు చూసి, "ఇంకో రెండు కంతలు పెడ్దామా మేడం" అన్నాడు.

కింది వీధికి నీళ్లు రాలేదా అంటే వచ్చాయి. మోకాలి దాకా రావలసినవి చీలమండతో ఆగాయి. తెల్లారి పాలవాడు వచ్చే వేళకు మడిలో బురద తప్ప నీళ్లు లేవు.

లెక్క చాలా తేలిక. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 200 గజాల ప్లాటంటే దాదాపు 167 చదరపు మీటర్లు. 5 సెంటీమీటర్ల వానకు దాని మీద 8,000 లీటర్ల పైనే పడతాయి. అంటే వేసవిలో మనం డబ్బు పోసి కొనే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఒకటిన్నర పైమాటే. ఇంటి చుట్టూ అంగుళం మట్టి కనపడకుండా పార్కింగ్ టైల్స్ పరిచి, దాన్నంతా గేటు కింద నుంచి రోడ్డు మీదికి తోసేసి, మున్సిపాలిటీని తిడతాం. ఇక 1,000 గజాల పార్కులో సగభాగాన్ని ఒక అడుగు లోతుకు దింపితే అది దాదాపు 1,25,000 లీటర్లను పట్టుకుంటుంది. పార్కు ఎత్తుగా ఉంటే పట్టేది సున్నా.

అలాగని దీన్ని నమ్ముకుని అన్ని వానలకూ భరోసా ఇవ్వలేం. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు పడింది. 2020 అక్టోబరులో ఒక్క రాత్రిలో కాలనీలకు కాలనీలే మునిగాయి, చెరువు కట్టలు తెగాయి. అలాంటి రోజున మడి ఎంత, మనమెంత! అది చెరువులూ నాలాలూ మోయాల్సిన బరువు. 1908లో మూసీ ముంచాక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టింది అందుకే. కానీ మన రోజువారీ తిప్పలన్నీ మూడు నాలుగు సెంటీమీటర్ల సాయంత్రపు వానలతోనే కదా. వాటికి ఇది చాలు.

ఇంకుడు గుంతలు చాలవా అని అడుగుతారు. పర్మిషన్ కోసం తవ్వి, ఫొటో తీసి, ఆపైన చెత్త వేసుకునే గుంతల గురించేనా? పైనున్న ఇసుక పొర పూడుకుపోతే నీళ్లు దిగవు, దాన్ని ఏటా తీసి కడిగేవాళ్లను నేను చూడలేదు. ఇంకొందరు వాన రాగానే మ్యాన్‌హోల్ మూత ఎత్తేస్తారు. మురుగు పైపులోకి వాన నీళ్లు పోతే ఆ మురుగు కింది వీధిలో బాత్‌రూముల్లోంచి పైకి తంతుంది, ఎవరో ఒకరు అందులో పడిపోయే ప్రమాదం సరే సరి.

మీరు తవ్వే ముందు గడ్డపారతో అడుగున్నర గుంత తీసి, నిండా నీళ్లు పోసి మర్నాడు చూడండి. ఎర్రమట్టి, మొరం అయితే ఇంకిపోతాయి. ఇంకా నిలిచే ఉంటే మీది నల్లరేగడో, లారీలు తొక్కి గట్టిపడ్డ నేలో. అప్పుడు దొడ్డు ఇసుక, కంపోస్టు కలిపి, అడుగున చిల్లుల పైపు వేయాలి. ఇళ్ల పునాదులకు పదడుగులైనా దూరం ఉంచండి. మొక్కల్లో వట్టివేరు, మెట్ట తామర మునిగినా ఎండినా తట్టుకుంటాయి. చెట్లయితే నేరేడు, తెల్లమద్ది. నర్సరీవాడు అంటగట్టే ఫ్యాన్సీ మొక్కలు వద్దు.

పెద్ద పైపులన్న వాళ్లను ఆ పైపు ఎక్కడ కలుస్తుందో అడగండి. నాలా నిండుగా ఉంటే పైపులోంచి నీళ్లు వెనక్కే వస్తాయి. పోయినా కింది కాలనీని ముంచడానికే. సీసీ రోడ్డు కొత్తగా వేస్తుంటే పాత పొర తవ్వి వేయమని పట్టుబట్టండి. లేదంటే నాలుగు అంగుళాలు లేచిన రోడ్డు నుంచి నీళ్లు మీ వరండాలోకే వస్తాయి. ఏం చేసినా మృగశిర లోపే చేయించండి. వానలు మొదలయ్యాక కూలీలు దొరకరు, గట్టున పోసిన మట్టి మళ్లీ గుంతలోకే జారుతుంది.