స్కేటింగ్ రాని అమ్మాయిలతో హైస్కూల్ ఐస్ హాకీ టీమ్ పెట్టడం అయ్యే పనేనా?

మీ పాప స్కూల్లో ఒక టీచరమ్మ అమ్మాయిల ఐస్ హాకీ టీమ్ పెడతానంటోందనీ, పేర్లిచ్చిన డజను మందిలో సగానికి స్కేట్స్ కట్టుకోవడమే రాదనీ రాశారు. నిక్షేపంగా అవుతుంది. కాకపోతే ఆవిణ్ణి ముందు గోలీని, అంటే గోల్ కాసే పిల్లని, వెతుక్కోమనండి. మిగతావన్నీ తర్వాత.

నేను తెనాలివాణ్ణి. హాకీ అంటే ధ్యాన్‌చంద్, గోలీ అంటే నిక్కరు జేబులో గలగలలాడేది. డెట్రాయిట్ శివార్లకి వచ్చి పదేళ్ళయ్యాక కూడా నాకు తెలిసింది అంతే. మా పాప తొమ్మిదో క్లాసులో ఉండగా వాళ్ళ బయాలజీ టీచరు మూడు స్కూళ్ళ పిల్లల్ని కలిపి టీమ్ పెట్టింది. వచ్చింది పదకొండు మంది. ఐసు మీద ఒకేసారి దిగేది గోలీతో కలిపి ఆరుగురు. రెండు నిమిషాలు పరిగెడితే ఊపిరి అందని ఆట ఇది, అందుకే ఆడేవాళ్ళు మూడు నాలుగు వరసలుగా ఉండి, ఒక వరస అలిసిపోగానే ఇంకో వరస దిగుతుంది. మాకు రెండో వరసకే కటాకటీ. ఆ పదకొండు మందిలో ఒక్కరూ గోల్ ముందు నిలబడతామనలేదు. ఎందుకు నిలబడతారు? నూట డెబ్భై గ్రాముల గట్టి రబ్బరు బిళ్ళ, అదీ గడ్డకట్టించి మరీ ఆడతారు.

అప్పుడావిడ ఓ పని చేసింది. ఐసు మీదికి తీసుకెళ్ళకుండా జిమ్ములో అందర్నీ మోకాళ్ళు వంచి కూర్చున్నట్టు నిలబెట్టి, టెన్నిస్ బంతులు విసరడం మొదలెట్టింది. నిమిషంలో సగంమంది లేచిపోయారు. రెండో నిమిషానికి మా పిల్ల ఒక్కతే మిగిలింది. ఆరేళ్ళప్పటి నుంచీ కూచిపూడి. వాళ్ళ మాస్టారు కర్రతో చెక్క మీద కొడుతూ "ఇంకా కూర్చో, ఇంకా" అంటూ అరమండిలో ఉంచేవారు, ఆ చలవ. "ఇలా కూర్చోవడం ఎవరు నేర్పారు?" అందిట కోచ్. మర్నాటి నుంచి ప్రాక్టీసుకి ముందు పదకొండు మందీ అరమండే! నేనూ కిటికీలోంచి చూశాను, నవ్వాపుకోలేక బయటికొచ్చేశాను. చిక్కల్లా, అరమండిలో మోకాళ్ళు బయటికి తిరుగుతాయి, గోలీకి లోపలికి తిరగాలి. అది మార్చుకోవడానికి దానికి నెల పట్టింది.

అందుకే చెబుతున్నా, నాట్యం నేర్చుకున్న పిల్లల్ని వదలొద్దని మీ టీచరుకి చెప్పండి. గోల్ ముందు వంగి నిలబడడం వీళ్ళకి త్వరగా పట్టుబడుతుంది. కాదన్నవాళ్ళు మా పిల్లని చూడలేదు.

మొదటి మ్యాచ్ 9-0తో ఓడిపోయాం. కారులో ఇంటిదాకా మాటల్లేవు. గ్యారేజీలో దిగుతూ, "నాన్నా, నలభై ఒకటి ఆపాను తెలుసా" అంది. కోచ్ ఆ లెక్క ఒక్కటే చెప్పి పంపిందిట, తొమ్మిది మాటే ఎత్తలేదుట.

ఇక నా గోడు. మిన్నెసోటాలో 1994లోనే అమ్మాయిల హాకీని హైస్కూల్ ఆటగా గుర్తించారు, దేశంలో మొదట వాళ్ళే. 1998లో నగానోలో ఆడవాళ్ళ ఐస్ హాకీ మొదటిసారి ఒలింపిక్స్‌కొస్తే, బంగారం తెచ్చింది అమెరికా అమ్మాయిలే. ఇంత జరిగాక కూడా మేముండే మిషిగన్‌లో మా పాప ఆడినన్నాళ్ళూ మాది క్లబ్బు కిందే లెక్క. ఐసు అద్దె గంటకి రెండు వందల డాలర్ల పైమాటే, అదీ మా జేబుల్లోంచే. అబ్బాయిలకి సాయంత్రం ఆరు గంటల స్లాటు, మా వాళ్ళకి తెల్లవారుజాము ఐదున్నర. రాత్రి పదింటికి పొట్టలేసుకుని ఆడే అంకుల్స్‌కి కూడా మాకంటే మంచి టైము! జనవరిలో నాలుగున్నరకి లేచి కారు మీద మంచు గీకుతుంటే తెనాలి గుర్తుకొచ్చి ఏడుపొచ్చేది.

ఇంటికో వంటకం తెచ్చుకు తినే మన పాట్‌లక్‌లలో మరో రకం. "ఆడపిల్లకి పళ్ళూడితే పెళ్ళెలా అన్నయ్యగారూ?" ముఖానికి పూర్తిగా ఇనుప జాలీ ఉంటుందమ్మా, అమ్మాయిల ఆటలో ఒంటితో గుద్దడమే తప్పు కింద లెక్క అంటే వినరు. ఒకావిడైతే "నల్లబడిపోతుందేమో" అంది. కప్పు కింద, ఐసు మీద, ఎలా నల్లబడుతుందో ఆవిడకే తెలియాలి.

గోలీ సామాను మాత్రం కొత్తది కొనకండి. పిల్ల ఆర్నెల్లలో ఎదుగుతుంది, మీ డబ్బు పోతుంది. కాళ్ళకి కట్టే ప్యాడ్లు, చేతుల తొడుగులు క్లబ్బు తరఫున ఒక సెట్టు పాతది కొని తిప్పుకోండి. చెమటకి తడిసిన ఆ సామాను బ్యాగుని రాత్రిపూట కారులో వదలనివ్వకండి. మా వ్యాను అమ్మేటప్పుడు కొనడానికొచ్చినవాడు వెనక తలుపు తీశాడు, మళ్ళీ మూశాడు, మారు మాట్లాడకుండా ఐదు వందలు తగ్గించాడు.